కట్టేసిన వాలుగ

గురువారం పొద్దున మెదక్ చేపల మార్కెట్లో సిద్దమ్మ తన అరుగు కడుగుతోంది. అమ్మడానికి చేప లేదు, కడగడానికి మురికీ లేదు. అయినా బకెట్టు నీళ్ళు కుమ్మరించి, కొబ్బరి పీచుతో ఆ సిమెంటును తోముతూనే ఉంది. ఊరికే కూర్చుంటే జనం జాలిగా చూస్తారు, పనిలో ఉంటే చూడరు. యాభై రెండేళ్ళ ఆ మనిషికి ఆకలైనా పడుతుందేమో గాని జాలి పడదు.

పోచయ్య వచ్చి అరుగు పక్కన నిలబడ్డాడు. మార్కెట్ సంఘానికి ఆయనే పెద్ద. చెడ్డవాడు కాదు. ఆయనతో వచ్చిన చిక్కే అది. ఎవరేం చెప్పినా కాదనలేడు, ఆఖరున చెప్పినవాడి మాటే ఆయన మాట అయి కూర్చుంటుంది.

"వదినె, రెండు ఐతారాలాయె," అన్నాడు నెమ్మదిగా.

"లెక్క నాకెరుకనే బావా."

"మూడో ఐతారం గూడ జాగ ఖాళీగుంటే..."

"గదీ ఎరుకనే. గా కాయిదం మీద ఏలుముద్ర ఏసినోళ్ళల్ల నేను లేనా?"

ఉంది. పన్నెండేళ్ళ కింద ఈ షెడ్డు కట్టినప్పుడు, చేప ముట్టని పెద్దమనుషులు అరుగులు తమ పేర రాయించుకుని కిరాయికి ఇచ్చుకుంటుంటే, చేపలమ్మే ఆడవాళ్ళంతా కలిసి కొట్లాడి పెట్టించిన షరతు అది. వరసగా మూడు ఆదివారాలు చేప లేని అరుగు సంఘానికి పోతుంది, సంఘం ఇంకొకరికి ఇస్తుంది. ఆ రోజు అందరికంటే గట్టిగా అరిచింది సిద్దమ్మే. ఈ పన్నెండేళ్ళలో ఆ షరతు ఎవరి మీదా పడలేదు. మూడు వారాల కిందట ఐసు చేపలమ్మే అమరేందర్ వ్యాను వచ్చి షెడ్డు ముందు ఆగడం మొదలుపెట్టాక అందరికీ ఒక్కసారిగా జ్ఞాపకం వచ్చింది.

"నర్సవ్వ కాలిరిగి రెండు నెలలు దవాఖానల పన్నది. అప్పుడెవలన్న ఐతారాలు లెక్క పెట్టిండ్రా?" అంది సిద్దమ్మ తోముడు ఆపకుండా. "ముందటి ఐతారం వానకు నది బురదాయె. మొన్నటి ఐతారం జరమొచ్చి లేవలేకపోతి. నా పానం నాకు పగాయె. నేనేమన్న షికారుకు పోయిన్నా?"

"నేను అంటలేను వదినె. సంఘంల అందరు అంటుండ్రు."

"అందరంటే ఎవలు?"

పోచయ్య కళ్ళు వ్యాను వైపు తిరిగాయి. అదే జవాబు.

అమరేందర్ అప్పటికే వ్యాను దిగి వస్తున్నాడు. తెల్ల చొక్కా, మణికట్టుకు ఎర్రదారం. ఊళ్ళో ముప్పై ఎకరాల పొలం, పట్నంలో ఐసు చేపల వ్యాపారం. కోస్తా చెరువుల్లో పెంచిన చేపలు లారీలో వస్తాయి, ఆయన డబ్బాల్లోకి మారతాయి. ఇప్పటికే నాలుగు అరుగుల మీద ఆయన డబ్బాలే ఉన్నాయి. మాట మాత్రం మెత్తన.

"అక్కా, ఎందుకు పరేషాన్ అయితున్నవ్? ఐతారం ఒక డబ్బ దించుత. జాగ నీదే, కూసునేది నువ్వే. కాంట ఒక్కటి నాదుంటది. అమ్మినదాంట్ల నీ కూలి నీకు."

"గా పీనుగలను నా అరుగు మీద పెట్టుకోను సారు," అంది సిద్దమ్మ.

ఆయన కోపం తెచ్చుకోలేదు. నవ్వి, "సోంచాయించు, ఐతారం దాంక టైమున్నది," అని వెళ్ళిపోయాడు. కోపం తెచ్చుకుంటేనే ఆమెకు కొంచెం హాయిగా ఉండేది.

సిద్దమ్మ అరుగు మీద ఏనాడూ చచ్చిన చేప పడుకోలేదు. గాలంతో నదిలో పట్టడం, తడి గోనెలో చుట్టి తేవడం, గంగాళంలో వదలడం. కొనేవాళ్ళు వేలు చూపిస్తే తోక కొట్టుకుంటున్న చేపను బయటికి తీస్తుంది. ఆదివారం చర్చి ఆరాధన అయ్యాక అంతమంది తనను వెతుక్కుంటూ రావడానికి కారణం ఆ ప్రాణమేనని ఆమె నమ్మకం. ఆ నమ్మకంతోనే తలెత్తి నడుస్తుంది.

పదకొండు గంటల బస్సెక్కి ఏడుపాయల దారిలో దిగి, ఆనకట్ట కిందికి చేరింది. అక్కడ మంజీర ఆనకట్ట మీంచి జారి బండల మధ్య పడి, నురగ కక్కుతూ తిరుగుతుంది. పక్కనున్న మనిషితో మాట్లాడాలన్నా అరవాలి. సిద్దమ్మ ప్లాస్టిక్ పైపు ముక్కకు చుట్టిన నైలాను తాడు విప్పింది. తాడు కొసన గాలం, జానెడు పైన బరువు కోసం కట్టిన లారీ నట్టు. కోడిపేగు ముక్క గుచ్చి, తల మీదుగా మూడు చుట్లు తిప్పి వదిలింది. నట్టు ఈలవేసుకుంటూ వెళ్ళి నురగ అవతల పడింది.

మొదటి గాలం బండల సందులో ఇరుక్కుంది. లాగితే తాడు తెగి నట్టుతో సహా పోయింది. రెండోదాన్ని తాబేలు లాగింది. ఆ పెద్దమనిషి ఎర తిని, గాలం వంచి, తీరిగ్గా వెళ్ళిపోయాడు. మూడోసారి తాడు చిక్కుపడి, విప్పుకునేసరికి గంట గడిచింది.

పదడుగుల దూరంలో ప్రభుదాసు కూర్చుని ఉన్నాడు. చర్చి కాంపౌండ్ దగ్గర ఉంటాడు, గోడలకు రంగులు వేసే పని. పని లేని రోజు సరదాకు గాలం వేస్తాడు. పిండి ముద్ద గుచ్చి ఇట్లా వేశాడు, అట్లా రవ్వ చేప ఒకటి లేచింది. పావుగంటకు ఇంకొకటి. అతను తప్పు చేసినవాడిలా సిద్దమ్మ వైపు చూశాడు.

"అక్కా, జాగలు మార్చుకుందామా?" అని అరిచాడు.

మార్చుకున్నారు. సిద్దమ్మ అతని బండ మీద కూర్చుంది, అతను ఆమె బండ మీద. పది నిమిషాల్లో అతనికి మూడోది పడింది. ప్రభుదాసు దాన్ని చాటుగా సంచిలో వేసుకోబోయాడు గాని చేప ఊరుకుంటేనా, టపటపా కొట్టుకుని ఊరందరికీ చెప్పింది. సిద్దమ్మకు నవ్వొచ్చింది. ఆ వారంలో ఆమె నవ్వింది అదొక్కసారే.

"ఇవి తీస్కపో అక్కా. ఐతారం నీ అరుగు మీద పెట్టు."

"ఐతారం దాంక పానంతోని ఉంటయా తమ్మీ ఇవి?"

"ఐసుల పెడితే..."

"ఐసు మాట ఎత్తకు నా దగ్గర."

చీకటి పడకముందే ఉత్త సంచితో బస్సెక్కింది.

శుక్రవారం ఎర మార్చింది. బురదగుంటలో చీర కొంగుతో నాలుగు చిన్న చేపలు పట్టి, ఒకదాన్ని వీపు దగ్గర గుచ్చి ప్రాణంతోనే వదిలింది. నురగలోకి విసరలేదు. నురగ పక్కన నీళ్ళు నల్లగా, మెల్లగా తిరిగే చోట జారవిడిచింది. రెండు గంటలు ఏమీ లేదు. తాడును కుడిచేతి చూపుడువేలి మీద వేసుకుని, మునగదీసుకుని కూర్చుంది. ఆ వేలికి చాలా తెలుసు. రాయికీ, నాచుకూ, తాబేలుకూ, చేపకూ తేడా దానికి కండ్లకంటే ముందు తెలుస్తుంది.

రెండు దాటాక తాడు కదిలింది. గుంజినట్టు కాదు, ఎవరో తాడు పట్టుకుని నడిచి వెళుతున్నట్టు. సిద్దమ్మ లేచి నిలబడి మూడు బారల తాడు వదిలింది. మింగనిచ్చింది. అప్పుడు రెండు చేతులతో ఒక్క గుంజు గుంజింది.

అవతల ఉన్నది ఏమిటో ఆ గుంజుతోనే అర్థమై ఒళ్ళు జల్లుమంది.

తాడు అరచేతిని కోసుకుంటూ పోయింది. కొంగు చుట్టుకుని పట్టింది. అది నురగలోకి దూరితే తాను బండ మీంచి కిందికి దిగింది, అది మళ్ళితే తాను తాడు చుట్టుకుంది. గుంజుతున్నప్పుడు వదలాలి, వదిలినప్పుడు గుంజాలి. ఈ మాట ఎవరూ ఆమెకు చెప్పలేదు, ఆ చేతులకే వచ్చు. అరగంట ఇట్లాగే గడిచింది. ఆ రోజూ వచ్చి పక్క బండ మీద కూర్చున్న ప్రభుదాసు తన గాలం పారేసి నడుములోతు నీళ్ళలోకి దిగాడు.

"తలకాయ మీదికి తేకు, నీళ్ళల్లనే తీస్కరా!" అని అరిచింది.

చేప పక్కకు వాలి కనిపించింది. వాలుగ. పొలుసు లేని బూడిదరంగు ఒళ్ళు, చెవుల దాకా చీలిన నోరు, బెత్తాల్లాంటి మీసాలు. ప్రభుదాసు చేతులు రెండూ దాని పొట్ట కింద పెట్టి ఒడ్డుకు తోశాడు. సిద్దమ్మ బోర్లా పడి దాన్ని కరుచుకుంది. పది కిలోలకు తక్కువ ఉండదు. ఆరేళ్ళుగా ఇంతటిది ఆమె గాలానికి పడలేదు.

"అక్కా, నీ జాగ నిలవడ్డది!" అన్నాడు ప్రభుదాసు రొప్పుతూ. "ఆగు, బండి మీద పోయి పది నిమిషాలల్ల ఐసు తెస్త. గుడికాడ కూల్‌డ్రింకుల దుకాణంల గడ్డలు దొరుకుతయి. గోనెల సుట్టి ఇంటికి కొండవోదాం."

"ఐసు పెట్టినంక ఇది వాలుగ కాదు, పీనుగ."

"ఇంకా రెండు రోజులున్నది అక్కా."

"నీళ్ళల్లనే ఉంటది. ఐతారం పొద్దుగాల మొదటి ఆటోల వచ్చి తీస్కపోత. చర్చికి వచ్చెటోళ్ళకు చెప్పు నువ్వు. బతికున్న వాలుగ అని చెప్పు."

ఇంట్లో పెట్టుకుందామంటే అంతటి గంగాళం లేదు. నల్లా నీళ్ళలో కలిపే బ్లీచింగు పౌడరుకు చేప గంటసేపు కూడా ఓర్చదు. నదిలో కట్టేయడమే ఆమెకు తెలిసిన పద్ధతి. ఒక్క పూటకు, ఒక్క రాత్రికి ఎన్నోసార్లు కట్టింది. రెండు రాత్రులకు ఎప్పుడూ కట్టలేదు. ఆ సంగతి ఆమె మనసులో మెదిలింది కూడా. పక్కకు తోసేసింది.

ఒడ్డున బండల మధ్య మోకాలిలోతు గుంట ఉంది. పక్కనే, ఎప్పుడో ఏ పనికో బండలో దిగ్గొట్టిన ఇనప చువ్వ. సిద్దమ్మ కింది దవడకు సన్నగా రంధ్రం చేసి కొత్త తాడు ఎక్కించింది, చువ్వకు మూడు ముళ్ళు వేసింది. ప్రభుదాసు తాడు కొంచెం పొడుగు వదలమన్నాడు. పొడుగు వదిలితే బండలకు ఒరుసుకుని ఒంటి నిగారింపు పోతుందని ఆమె మూరెడే ఉంచింది. చూసేవాళ్ళకు అది మెరుస్తూ కనిపించాలి.

ఆ సాయంత్రం బస్సులో కండక్టరుకు చెప్పింది, పక్క సీటావిడకు చెప్పింది. దిగాక పోచయ్య ఇంటి ముందు ఆగి మరీ చెప్పింది. "బావా, ఐతారం అరుగు కాడికి రా. కండ్లతోని సూస్తువు."

శనివారం పొద్దున బస్సు దిగి నడుస్తుంటే, ఆనకట్ట కనిపించకముందే ఆమెకు ఏదో తేడా తోచింది. రోజూ వినిపించే చప్పుడు కాదది. లావుగా, ఎడతెగకుండా ఉంది. నడక పరుగైంది.

గుంట లేదు. బండలు లేవు. నిన్న తాను కూర్చున్న చోటి మీదుగా ఎర్రనీళ్ళు ఉరుకుతున్నాయి. చువ్వ మొన మాత్రం నీళ్ళను చీలుస్తూ బెత్తెడు కనిపిస్తోంది.

ఒడ్డున మోటారు చూసుకోవడానికి వచ్చిన రైతు ఒకాయన ఉన్నాడు. "నారుమడ్లకు పై డ్యాంలకెళ్ళి నీళ్ళిడిసిండ్రమ్మా," అన్నాడు. "నిన్న పొద్దుగూకంగనే ఇడిసిండ్రు. ఫోన్లల్ల అచ్చె గద, నీకు రాలేదా?"

సిద్దమ్మ దగ్గర ఉన్నది మీటలు నొక్కే ఫోను. అందులో కూతురి గొంతు తప్ప ఏదీ రాదు. ఎవరిదీ తప్పు కాదు. నీళ్ళు వదలాల్సిన రోజుల్లోనే వదిలారు, ఆ నీళ్ళ కోసం రైతులు పదిరోజులుగా ఎదురుచూస్తున్నారు. తిట్టుకోవడానికి మనిషి లేని నష్టం మోయడం మహా కష్టం.

రైతు వద్దంటున్నా చీర ఎగదోపుకుని దిగింది. బండను కరుచుకుని, ఒక్కో అడుగూ తడుముకుంటూ, ఛాతీ దాకా నీళ్ళలో చువ్వను పట్టుకుంది. చెయ్యి కిందికి జార్చింది. తాడు తగిలింది. ఒక్క క్షణం ఆశపడింది. లాగితే బరువు లేకుండా వచ్చేసింది.

మూడు ముళ్ళూ వేసినవి వేసినట్టే ఉన్నాయి. తాడు తెగలేదు. కొసన దవడ ముక్క వేలెడు వేలాడుతోంది. తాడు పొట్టిగా ఉండబట్టి ప్రవాహంతో పాటు ఊగడానికి చేపకు సందు లేకపోయింది. రాత్రంతా గుంజుకుని గుంజుకుని దవడ చింపుకుని పోయింది. బారెడు వదిలి ఉంటే నిలిచేదేమో. ఐసులో పెట్టి ఉంటే ఈపాటికి ఇంట్లో ఉండేది.

ఒడ్డెక్కి తడిచీరతో కూర్చుంది. ఏడుపు రాలేదు, సిగ్గేసింది. బస్సులో చెప్పిన మాటలన్నీ చెవుల్లో మోగాయి. ఆ నోరులేని జీవం దవడ లేకుండా ఏ బండ కింద పడి ఉందో, ఇంకేం తిని బతుకుతుందో అనుకుంటూ తాడు కొసనున్న ముక్క వైపు చూసింది. నాకు దక్కలేదు సరే, దాన్ని దానికీ దక్కనియ్యకపోతిని అనుకుంది.

అయినా గాలం తాడు విప్పింది. ఎర్రనీళ్ళలో గాలం వేస్తే ఏం పడుతుందో ఆమెకు తెలియక కాదు. చేతులు ఊరుకోలేదు. మధ్యాహ్నం దాకా చెత్త, చెట్టుకొమ్మలు, ఎవరిదో చెప్పు పడ్డాయి. మూడింటికి ఒక గాలం పోయింది. నాలుగింటికి ఆఖరి గాలానికి అరచేయంత చేప తగిలింది. ఎంత చిన్నదైనా చేప చేపే, అరుగు మీద పెడితే అరుగు నిలుస్తుంది. గాలం విప్పుతుంటే అది చేతిలోంచి జారి, బండ మీద ఒక్క ఎగురు ఎగిరి నీళ్ళలో పడింది. సిద్దమ్మ దాని కోసం చెయ్యి చాచలేదు. తర్వాత తాడు పైపుకు చుట్టుకుని బస్సు దగ్గరికి నడిచింది.

ఆదివారం ఆరింటికే మార్కెట్‌కు వచ్చింది. రాకపోతే పిరికిదంటారు. అరుగు కడిగింది, కత్తిపీట పెట్టింది, దాని ముందు కూర్చుంది. పక్క అరుగుల వాళ్ళు పలకరించకుండా తల తిప్పుకున్నారు. ఎనిమిదింటికి పోచయ్య వచ్చాడు. ఖాళీ గంగాళంలోకి చూశాడు.

"వాలుగ?"

"పోయింది బావా."

ఆయన గొంతులో నిజంగానే బాధ ఉంది. "నేనేం జెయ్యాలె చెప్పు వదినె. ఇయ్యాల నిన్ను ఇడిసిపెడితే రేపు ఇంకొకలు అడుగుతరు. కాయిదం ఉన్నదాయె."

"నేనే పెట్టించిన కాయిదం," అంది సిద్దమ్మ.

అమరేందర్ వ్యాను దగ్గర నిలబడి ఇటే చూస్తున్నాడు. డబ్బా ఒకటి మోయించుకుని వచ్చి అరుగు ముందు దింపించాడు. "పెట్టమంటవా అక్కా?"

సిద్దమ్మ ఆ డబ్బా వైపు చూసింది. ఈ జాగ పోతే రేపు నదిలో ఏం పట్టినా రోడ్డు పక్కన మురికికాలువ మీద కూర్చుని అమ్మాలి, ఎవరు లెమ్మంటే వాళ్ళకు లేవాలి. కత్తిపీటను జానెడు పక్కకు జరిపింది. ఆ జానెడులో ఆయన కాంటా వచ్చి కూర్చుంది.

ఐసులోంచి తీసిన బొచ్చె చేపలు ఎనిమిది వరసగా పరిచారు. పోచయ్య కాగితం మీద ఏదో రాసుకుని, బరువు దిగినట్టు నిట్టూర్చి పోయాడు. అరుగు నిలిచింది.

పదకొండింటికి ఆరాధన ముగిసి చర్చి జనం వచ్చారు. ముందుగా వచ్చింది లిడియా టీచరమ్మ. స్కూల్లో పాఠాలు చెప్పి రిటైరైన మనిషి. పదేళ్ళుగా ఏ ఆదివారమూ ఇంకొక అరుగు ముందు ఆగని మనిషి. సిద్దమ్మ ఎవరికైనా అబద్ధం చెప్పగలదేమో గాని ఆమెకు చెప్పడం చేతకాదు. పొద్దున్నుంచీ భయపడుతున్నది ఈ ఒక్క ముఖానికే.

"సిద్దమ్మా, వాలుగ ఉన్నదని ప్రభుదాసు చెప్పిండు?"

"దక్కలే టీచరమ్మ. పోయింది."

"అయ్యో. సరే, గీ బొచ్చె ఒకటి కొయ్యి. రెండు కిలోలది."

సిద్దమ్మ చేప మీద చెయ్యి వేసి ఆగింది. చల్లదనం అరచేతిలోని కోతకు తగిలి మండింది. "టీచరమ్మ, ముందుగాల్నే చెప్తున్న. ఇవి నావి కావు. లారీల వచ్చినయి, ఐసువి. మీరు వద్దంటే నేనేమనుకోను."

"అయితేంది?" అంది లిడియా అర్థం కానట్టు. "ఎప్పుడిచ్చేటివి గూడ లారీవేనాయె గద?"

"ఎవలు చెప్పిండ్రు?" సిద్దమ్మ గొంతు లేచింది. "ఒక్కటి గూడ కాదు. పదేండ్ల సంది మీకిచ్చినయన్ని నదివి. బతికున్నయే కోసిచ్చిన గద మీ ముంగట!"

"బతికున్నయి గూడ ట్యాంకర్లల్ల వస్తున్నయి గదమ్మా. గవే అనుకున్న." లిడియా నొచ్చుకుంటూ, ఊరడిస్తున్నట్టు నవ్వింది. "నాకేం తెలుస్తది చెప్పు? పులుసుల పడ్డంక అన్నీ ఒక్కటే. నువ్వు ముక్క సాపుగ కొడ్తవ్, పొలుసు జర గూడ ఉంచవ్. గందుకే నీ దగ్గరికొస్త. ఇంకెవలు కోసినా మా ఇంట్ల నచ్చదు."

మంచిమాటే. మనసారా మెచ్చుకున్న మాట. సిద్దమ్మ తల వంచుకుని చేప పొలుసు గీయడం మొదలుపెట్టింది. కత్తిపీట మీద చేతులు వాటి పని అవి చేసుకుపోయాయి. పొట్ట చీల్చింది, పేగులు తీసింది, నీళ్ళు పోసి కడిగింది, ముక్కలు సాపుగా కొట్టింది. అమరేందర్ కాంటా మీద తూచి, సంచిలో వేసి ఇచ్చింది. లిడియా వచ్చే ఆదివారం వస్తానని చెప్పి వెళ్ళింది.

ఆమె వెనకే ఎవరో కొత్త కుర్రజంట వచ్చి నిలబడ్డారు. ఆ అమ్మాయి చేపల మీదికి వంగి చూసింది.

"ఏడివి ఆంటీ ఇవి? నదివా, చెరువువా?"

సిద్దమ్మ కత్తిపీటను కడిగి, కొంగుతో చేతులు తుడుచుకుంది.

"చేపలే బిడ్డా," అంది. "ఎన్ని కిలోలు కావాలె?"